ఫ్రెంచి ఇంటి వెనక గోడ

8 డిసెంబరు, ఆదివారం

నడుం పట్టేసింది, కుడి భుజం పైకి లేవడం లేదు, అయినా ఆ గది తలుచుకుంటే ప్రాణం లేచొస్తోంది. రెండు రోజుల్లో ఒక్కదాన్నే నాలుగు గోడలకీ రంగు వేసేశాను. మా ఆయన శుభాకర్‌కి ఈ పని చెప్పి ఉంటే ముందు నలుగురు స్నేహితుల్ని పిలిచేవాడు, వాళ్ళకి నాచేత టీలు పెట్టించేవాడు, సాయంత్రానికి సగం గోడ చూపించేవాడు.

నేను కేరరుగా చూసుకునే హెస్టర్ గారు గురువారం ఆస్పత్రి నుంచి వస్తున్నారు. తొంభై ఒకటో ఏట తుంటి ఎముకకి ఆపరేషన్ అయిన మనిషి ఇంక మేడ మెట్లు ఎక్కలేరు. కింద వెనక గదిలో మంచం వేయమని మా కేర్ ఏజెన్సీ మేనేజరు చెప్పింది. వెళ్ళి చూద్దును కదా, పందుల్ని కట్టేయడానికి కూడా పనికిరాని గది! ఒక గోడకి ఈ చివర నుంచి ఆ చివరకి దుప్పటిలాంటి తెర కట్టారు. తీసి చూస్తే గోడ నిండా మరకలు. గోధుమ రంగు, నీలం, ఆకుపచ్చ, కింద ఎరుపు, పాన్ నమిలి ఉమ్మినట్టు. మురికి కనపడకుండా తెర కట్టుకున్నారు పాపం అనుకున్నాను.

డిసెంబరు వస్తే చీరాలలో మా వాళ్ళెవరి ఇంటికైనా వెల్ల పడాల్సిందే. రెండు గదుల ఇల్లయినా, రేకుల షెడ్డయినా. క్రిస్మస్‌కి వెల్ల వేయని ఇల్లు కనిపిస్తే ఆ ఇంట్లో ఎవరు పోయారని మా అమ్మ అడిగేది. ఈ ముసలావిడకి ఎవరున్నారు వేయించడానికి? అన్న కొడుకు ఏడ్రియన్ బేసింగ్‌స్టోక్‌లో ఉంటాడు, నెలకోసారి వచ్చి పాలసీసా మీద డేటు చూసి వెళ్ళిపోతాడు. అందుకని నేనే తెల్ల రంగు డబ్బా తెచ్చి మొదలుపెట్టాను. ఎరుపు మాత్రం రెండు కోట్లు వేసినా పైకి వస్తూనే ఉంది. షాపులో అడిగితే మరకలు పైకి రానివ్వదని స్టెయిన్ బ్లాక్ అనే ఇంకో డబ్బా ఇచ్చారు. దానికి లొంగింది.

ఆవిడ ఆస్పత్రిలో ఉన్నా ఇల్లు చూడటానికి రోజూ ఒకరం వెళ్ళాలి, శనాదివారాలు నిజానికి లాస్య డ్యూటీ. కరీంనగర్ పిల్ల, ఇక్కడ మాస్టర్స్ చేస్తోంది. సోమవారం ఏదో అసైన్‌మెంటు ఇవ్వాలని శుక్రవారం ఫోన్ చేసి బతిమాలింది. రోటా, అంటే డ్యూటీల పట్టిక, మార్చాలంటే మేనేజరుకి మూడు రోజుల ముందు చెప్పాలి. ఎందుకులే, నువ్వు చదువుకో, నీ బదులు నేను వెళ్తాను అన్నాను. వచ్చినప్పుడు సంతకం పెట్టే పుస్తకంలో లాస్య పేరే రాశాను. మన వాళ్ళం మనం ఇలాగే సర్దుకుంటాం, ఇందులో తప్పేముంది?

చర్చికి మాత్రం వెళ్ళలేకపోయాను. ముసలమ్మ గది శుభ్రం చేయడం కూడా ప్రార్థనే అనుకుంటే సరిపోయింది.

12 డిసెంబరు, గురువారం

అంబులెన్సులో తీసుకొచ్చారు. హెస్టర్ గారికి చూపు దాదాపు లేదు, వెలుగూ చీకటీ మాత్రం తెలుస్తాయి. మంచం మీద పడుకోబెట్టగానే గది ఇంత వెలుగ్గా ఉందేమిటి అన్నారు. బల్బు మార్చాం అన్నాను. రంగు వేశానని చెప్పి సంతోషపెడదామనే నోరు తెరిచాను, ఆ లోపల ఏడ్రియన్ మందుల గురించి అడిగాడు. గది మంచి వాసన వస్తోందని మెచ్చుకున్నాడు కూడా. తెర ఉతికి మళ్ళీ కట్టానుగా, అతనికి గోడ కనపడలేదు.

13 డిసెంబరు, శుక్రవారం

పొద్దున్న తెర తీయమన్నారు. తర్వాత ఆ గోడ కథంతా ఆవిడే చెప్పారు.

14 డిసెంబరు, శనివారం

రాసుకుంటే గాని తల తిరగడం ఆగేలా లేదు.

హెస్టర్ గారి పూర్వీకులు ఫ్రాన్సు నుంచి పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్లు. అక్కడి రాజు వాళ్ళ చర్చిలు కూలగొట్టిస్తే ఈ వాండ్స్‌వర్త్‌కి వచ్చి టోపీల పని, రంగుల అద్దకం చేశారు. అలా వచ్చినవాళ్ళ మనవడు కాస్త కుదురుకుని ఈ మూడంతస్తుల ఇల్లు కట్టాడట, పదిహేడు వందల నలభైల్లో. వీధిలో ఇప్పటికీ దీన్ని ఫ్రెంచి ఇల్లు అనే అంటారు. ఇది లిస్టెడ్ ఇల్లు, అంటే కౌన్సిల్ పర్మిషన్ లేకుండా పాత గోడకి మేకు కూడా కొట్టకూడదు. ఇంతవరకూ నాకు ముందే తెలుసు.

తెలియనిది ఆ గోడ. ఇల్లు కట్టిన ఆ అద్దకపాయన కొత్త రంగు కుదిరినప్పుడల్లా కాస్త తీసి ఆ గోడ మీద పూసేవాడట, కొనేవాళ్ళు చూసుకోవడానికి. కింద చిన్న అక్షరాలతో ఫ్రెంచిలో దాని పేరు. ఆయన తర్వాత కూతురు. నాలుగు వరసలు, నలభై ఒక్క రంగులు. అట్టడుగు వరసలో మధ్యలో ఉన్న ఎరుపు ఇంగ్లండులో ఇంకెవరి చేతికీ రాలేదని వాళ్ళింట్లో చెప్పుకుంటారు. ఎండ తగిలితే వెలిసిపోతుందని తెర. పొద్దున్న కాసేపు మాత్రం తీస్తారట.

నిన్న నేను తెర తీశాను. ఆవిడ దిండు మీద తల గోడవైపు తిప్పుకున్నారు.

"ఎరుపు ఎలా ఉంది ఇవాళ?"

బాగుంది అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది.

నాకు ఎవరైనా చెప్పి ఉంటే కదా! ఎవరూ చెప్పలేదు. అలాంటి గోడ ఉన్నప్పుడు ఒక బోర్డు పెట్టాలి, ఫైలులో రాయాలి, కేరర్లకి చెప్పాలి. ఇంగ్లీషు వాళ్ళకి అన్నిటికీ బోర్డులే, మెట్టు దగ్గర మెట్టుందని కూడా బోర్డే. దీనికి మాత్రం లేదు.

20 డిసెంబరు, శుక్రవారం

క్రిస్మస్ అయ్యాక చెప్తాను. పండగ ముందు పెద్దావిడ మనసు కష్టపెట్టడం మంచిది కాదు.

26 డిసెంబరు, గురువారం

క్రిస్మస్ అయిపోయింది.

3 జనవరి, శుక్రవారం

ఇప్పుడు నాకు రంగులు కంఠతా వచ్చేశాయి. ఆవిడే చెప్తారు, పై వరసలో ఎడమ నుంచి మూడోది పావురం మెడ రంగు, దాని పక్కది తడి ఇసుక. గోడ మీది పగులు ఏమైనా పెరిగిందా అని అడుగుతారు. లేదంటాను. ఒకరోజు పూర్తిగా బాగుందంటే నమ్మరేమోనని తడి ఇసుక కాస్త వెలిసినట్టుంది అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. చలికాలం తేమకి అలాగే ఉంటుంది, ఎండాకాలానికి మళ్ళీ తేరుకుంటుందిలే అని ఆవిడే నన్ను ఓదార్చారు.

నేను చీరాలలో పదకొండేళ్ళు స్టాఫ్ నర్సుగా చేశాను. ఇంజెక్షనుకి భయపడే పిల్లలకి కూడా నొప్పి పుట్టదని చెప్పిన మనిషిని కాదు. ఇప్పుడు తెల్ల గోడ ముందు నిలబడి రంగులు వర్ణిస్తున్నాను.

14 జనవరి, మంగళవారం

బయటపడింది.

ముందు గుమ్మానికి వీల్‌చెయిర్ ర్యాంపు వేయాలని ఏడ్రియన్ దరఖాస్తు పెట్టాడు. అది చూడటానికి కౌన్సిల్ నుంచి పాత భవనాల ఆఫీసరు వచ్చింది. హెస్టర్ గారిని ఫిజియోథెరపీకి తీసుకెళ్ళి ఉన్నారు. ర్యాంపు సంగతి అయ్యాక, వచ్చాను కదా ఆ గోడ ఒకసారి చూసి వెళ్తానంది. పాత ఫోటోలు తెచ్చుకుంది చేతిలో. నేను వంటింట్లో కప్పు కడుగుతున్నాను. తెర రింగులు జరిగిన చప్పుడు వినిపించింది.

ఏడ్రియన్ తెల్లగా పాలిపోయాడు. మేనేజరుని పిలిపించారు. ఆవిడ సంతకాల పుస్తకం తెరిచింది. ఆస్పత్రి రోజుల్లో ఎవరెప్పుడు వచ్చారో చూసింది. సెల్లారులో రెండు డబ్బాలు దొరికాయి, వాటి రసీదు మీద ఏడో తారీకు. పుస్తకంలో ఏడు, ఎనిమిది తారీకుల్లో లాస్య పేరు.

తొమ్మిదో తారీకు సోమవారం నువ్వు వచ్చేసరికి గోడ ఎలా ఉంది అని నన్ను అడిగింది.

"వేసి ఉంది" అన్నాను.

ఆ రెండు మాటలే అన్నాను. అబద్ధం కూడా కాదు, సోమవారం వచ్చేసరికి వేసే ఉంది.

ఏడ్రియన్ నన్ను పక్కకి పిలిచి, అత్తయ్యకి అప్పుడే చెప్పొద్దు, ఆవిడ గుండె తట్టుకోదు, బాగుచేయగలరో లేదో తేలేదాకా రోజూ ఎలా చెప్తున్నావో అలాగే చెప్పు అన్నాడు. నాకు ఎంత హాయిగా అనిపించిందో రాయడానికి సిగ్గుగా ఉంది. ఇప్పుడు అబద్ధమాడేది నేనొక్కదాన్నే కాదు.

16 జనవరి, గురువారం

లాస్యని పనిలోంచి ఆపేశారు. విచారణ అయ్యేదాకా అంటున్నారు గాని మేనేజరు గొంతు వింటే తేలిపోయినట్టే ఉంది. ఇలాంటి ఇంటిని పాడుచేయడం చట్టప్రకారం నేరమట. కౌన్సిల్ కేసు పెడితే ఆ పిల్ల పేరు మీదే పెడతారు. ఏ డబ్బా ముందు వేశావు, కింద గోడని ఏం చేశావు అని ఆఫీసరు అడిగితే నాకు తెలియదు అందట. మొండితనం చూడు, తప్పు చేసి నోరు విప్పడం లేదు అని మేనేజరు నాతోనే అంది.

తెలియకపోతే ఏం చెప్తుంది?

17 జనవరి, శుక్రవారం

శుభాకర్‌కి చెప్పాను. గిడ్డంగి డ్యూటీ నుంచి వచ్చి బూట్లు కూడా విప్పకుండా విన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నువ్వు నోరు మెదపమాక. ఆ పిల్ల స్టూడెంటు, ఈడ కాకపోతే ఇంకోచోట పని దొరుకుద్ది. మనకి స్పాన్సరు పోయిందంటే అరవై రోజులే. ఏంజెలినా చదువు మధ్యలో ఆపి తీస్కపోదామా?"

నా వీసా మీదే ముగ్గురం ఉన్నాం. ఏజెన్సీ నన్ను తీసేస్తే అరవై రోజుల్లో ఇంకో స్పాన్సరు దొరకాలి, లేకపోతే పెట్టెలు సర్దుకోవడమే. ఫిబ్రవరిలో రెన్యూవల్. మా అమ్మాయి ఏంజెలినా పై గదిలోంచి అంతా వింటూనే ఉంది. కిందకి వచ్చి ఫ్రిజ్ తలుపు తెరిచి, అందులోకి చూస్తూ "మమ్, దట్స్ నాట్ ఫెయిర్ ఆన్ హర్" అంది. వాళ్ళ నాన్న కసిరాడు. అది జ్యూస్ తీసుకుని వెళ్ళిపోయింది. పధ్నాలుగేళ్ళ పిల్ల, నా ముఖం చూడకుండా మాట్లాడింది.

20 జనవరి, సోమవారం

వింబుల్డన్‌లో ట్రామ్ దిగేసరికి లాస్య ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. నేను వచ్చే వేళ దానికి తెలుసు. ఏడవలేదు, గొడవ పెట్టుకోలేదు. ఆ నీలం జాకెట్టు జేబుల్లో చేతులు పెట్టుకుని, నా బ్యాగు జిప్పు చూస్తూ మాట్లాడింది.

"ఆంటీ, గా శనివారం మీరే పోయిన్రు గదా. నేను మేనేజరుకు ఏం చెప్పలే. రోటా మార్చుకున్నమంటే మీ వీసాకు ప్రాబ్లమైతదేమోనని. మీరే చెప్తరని ఆగిన."

చెప్తాను నాన్నా అన్నాను. ఎప్పుడు అని అడిగింది. ఈ వారంలో అన్నాను. సరే అంది. అమ్మా నాన్నలకి ఇంకా చెప్పలేదట, పొలం కాగితం బ్యాంకులో పెట్టి పంపారట. నా బస్సు వచ్చిందని చెప్పి వచ్చేశాను. నిజానికి బస్సు ఇంకా రాలేదు, మలుపు దగ్గర దుకాణంలోకి వెళ్ళి నిలబడ్డాను.

నన్ను కాపాడటానికి ఆ పిల్ల నోరు మూసుకుంది, నేను కూడా నన్ను కాపాడుకోవడానికే నోరు మూసుకున్నాను. ఇద్దరం కలిసి నా ఒక్కదానికే కాపలా కాస్తున్నాం.

24 జనవరి, శుక్రవారం

ఈ వారం అయిపోయింది. మేనేజరు సెలవులో ఉంది, ఎవరికి చెప్పాలి?

(సెలవు మొన్న బుధవారం వరకే.)

26 జనవరి, ఆదివారం

క్రోయిడన్ చర్చిలో ఇవాళ సాక్ష్యాల ఆదివారం. నెలకోసారి ఎవరైనా లేచి దేవుడు చేసిన మేలు చెప్పాలి. శుభాకర్ ముందే పాస్టరు గారికి నా పేరు ఇచ్చాడు, రెన్యూవల్‌కి ఏజెన్సీ సరేనందని. లేచాను. వీసా సంగతి చెప్పాను, దేవుడు నా పట్ల కృప చూపాడు, నా పనిలో నన్ను హెచ్చించాడు అన్నాను. నాలుకకి అలవాటైన మాటలు, వాటంతట అవే వచ్చాయి. ఆమెన్ అన్నారు అందరూ. వరలక్ష్మి ఆంటీ వచ్చి కౌగలించుకుని, నువ్వు చూసుకునే ముసలావిడ ఎంత అదృష్టవంతురాలో అంది.

ఏంజెలినా భోజనాల దగ్గర కూర్చోలేదు. బయట కార్ల దగ్గర చలిలో నిలబడింది, కోటు కూడా వేసుకోలేదు. కోటు తీసుకెళ్ళి ఇస్తే "ఐ యామ్ ఫైన్" అంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. నా కడుపున పుట్టిన పిల్ల ముందు ఇంత సిగ్గు పడాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

29 జనవరి, బుధవారం

డిసెంబరులో రాసిన పేజీలు ఇవాళ ట్రామ్‌లో చదివాను. ఎవరూ చెప్పలేదు అని రాసుకున్నాను. నా పుస్తకంలో నేనే.

చెప్పారు. హెస్టర్ గారే చెప్పారు. అక్టోబరులో, నేను చేరిన రెండో వారం. అప్పటికింకా కర్ర పట్టుకుని నడిచేవారు. నన్ను ఆ గదిలోకి తీసుకెళ్ళి, తెర తీసి, ఇరవై నిమిషాలు మాట్లాడారు. పళ్ళసెట్టు పెట్టుకోలేదు, మాట సగం అర్థం కాలేదు. ఆ రోజు సాయంత్రం ఏంజెలినా స్కూల్లో పేరెంట్స్ మీటింగు, నా మనసంతా బస్సు టైము మీద ఉంది. పెద్దవాళ్ళని మళ్ళీ చెప్పమని అడగడం నాకు ఎన్నడూ అలవాటు లేదు. చీరాలలో డాక్టర్ల ముందు ఎలా తల ఊపేదాన్నో అలాగే ఎస్ హెస్టర్, ఎస్ ఎస్ అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఎరుపు దగ్గరకి తీసుకెళ్ళి, ముట్టుకోకుండా ఆపారు. అర్థమైందా అన్నారు. ఎస్ అన్నాను.

ఇంకోటి కూడా రాయలేదు. ఎరుపు స్టెయిన్ బ్లాక్‌కి లొంగిందని రాశాను. అంతకుముందు దాన్ని స్టీలు పీచు పెట్టి రుద్దాను. గిన్నెలు తోమే పీచు. కింది వరస మొత్తం, పదకొండు రంగులు, సున్నం పొడి రాలేదాకా. పైన వేసిన రంగుని ఎవరైనా నిపుణులు తీయగలరేమో. రుద్దేసినదాన్ని ఎవరూ తేలేరు. అది నేలమీద పొడిగా పడితే ఊడ్చి చెత్తబుట్టలో వేశాను.

కానీ రుద్దేటప్పుడు ఆవిడ చెప్పింది నాకు గుర్తు రాలేదు. దేవుని తోడు, గుర్తు రాలేదు. గుర్తొచ్చి ఉంటే ఆగేదాన్ని కదా.

31 జనవరి, శుక్రవారం

ఆఫీసరు మళ్ళీ ఫోన్ చేసింది. గోడ బాగుచేసే నిపుణుడికి ఏ రంగు, ఎన్ని కోట్లు, కింద ఏం చేశారు అన్నీ తెలియాలట. రోజులు గడిచేకొద్దీ రంగు గట్టిపడుతుందట. లాస్య ఇంకా చెప్పడం లేదని విసుక్కుంది. నీకేమైనా తెలుసా అంది. కనుక్కుంటాను అన్నాను. ఎవర్ని కనుక్కుంటాను?

5 ఫిబ్రవరి, బుధవారం

పొద్దున్న ఆవిడకి ముఖం కడిగాను, పళ్ళసెట్టు పెట్టాను, దిండు ఎత్తు సరిచేశాను. తెర తీశాను.

"ఎరుపు ఎలా ఉంది ఇవాళ?"

"లేదు" అన్నాను.

వినపడలేదనుకుని మళ్ళీ అడిగారు. లేదు హెస్టర్, ఎరుపు లేదు, ఏవీ లేవు, డిసెంబరులో నేను తెల్ల రంగు వేసేశాను, కింది వరస పీచుతో రుద్దేశాను, లాస్య కాదు నేనే అన్నాను. ఇంగ్లీషు తడబడింది. ఆగకుండా చెప్పాను, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు.

ఆవిడ చేతులు దుప్పటి మీద వెతుక్కుంటున్నట్టు కదిలాయి. పట్టుకోబోతే వెనక్కి లాక్కున్నారు.

"మరి రోజూ బాగుందన్నావు. తడి ఇసుక వెలిసిందన్నావు."

"అవును."

"నాకు కళ్ళు లేవని తెలుసుగా. నీ కళ్ళనే నమ్ముకున్నాను."

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. కాసేపటికి, నువ్వు బయటికెళ్ళు, ఏజెన్సీకి ఫోన్ చేసి ఇంకెవరినైనా పంపమను అన్నారు. గోడ పోయినందుకు తిడతారని రెండు నెలలు భయపడ్డాను. ఆవిడ గోడ మాటే ఎత్తలేదు.

మెట్ల మీద కూర్చుని మేనేజరుకి ఫోన్ చేశాను. పుస్తకంలో లాస్య పేరు నా చేత్తో రాశానని కూడా చెప్పాను. అక్షరాలు పోల్చి చూసుకోమన్నాను. తర్వాత ఏడ్రియన్‌కి. అతను విని పెట్టేశాడు.

శుభాకర్ ఇంటికొచ్చి విన్నాక గోడకి చేరగిలపడి కూర్చుండిపోయాడు. "ఎంత పని చేశావే" అన్నాడు, అంతే. ఏంజెలినా నా పక్కన వచ్చి కూర్చుంది. తల నా భుజం మీద పెట్టింది, డిసెంబరు నుంచి నొప్పిగా ఉన్న భుజం మీదే. కదలలేదు నేను.

7 ఫిబ్రవరి, శుక్రవారం

ఏజెన్సీ ఉత్తరం వచ్చింది. ఊహించిందే, పనిలోంచి తీసేశారు.

లాస్యకి మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. సాయంత్రం మెసేజ్ పెట్టింది, మళ్ళీ పనిలోకి తీసుకున్నారు అని. కింద ఇంకేమీ లేదు.

18 ఫిబ్రవరి, మంగళవారం

గోడ బాగుచేసే నిపుణుడు వచ్చాడు, ఎక్కడెక్కడ రుద్దావో వచ్చి చూపించమని ఆఫీసరు కబురు పెట్టింది. రానంటే బలవంతం లేదంది. వెళ్ళాను. నాలుగు నెలలు నా సొంత తాళంచెవితో తెరిచిన తలుపు దగ్గర బెల్లు కొట్టి నిలబడ్డాను. లాస్య తీసింది. లోపలికి రండి అంది, పరాయివాళ్ళతో అన్నట్టు.

హెస్టర్ గారిని మంచం మీద కూర్చోబెట్టి ఉన్నారు. ఆఫీసరు, ఏడ్రియన్ కిటికీ దగ్గర. నిపుణుడు నాకు ఒక కాగితపు టేపు ఇచ్చి, పీచుతో రుద్దిన మేరకి చుట్టూ అంటించమన్నాడు. అక్కడ అతను పనిచేయడట, చేసి లాభం లేదు కాబట్టి. మోకాళ్ళ మీద కూర్చుని అంటించాను. రుద్దిన మేర గోడ ఈ మూల నుంచి ఆ మూల దాకా ఉంది. అందరూ చూస్తున్నారు. టేపు ఒకచోట వంకర పోయింది, తీసి మళ్ళీ అంటించాను.

హెస్టర్ గారు లాస్యని, నీకేం కనిపిస్తోందో చెప్పమన్నారు.

లాస్య నా వైపు ఒకసారి చూసింది. తర్వాత మంచం పక్కన కూర్చుని, తెలుపు, గోడంతా తెలుపే, కింద పొడుగ్గా టేపు, టేపు లోపల గీతలు పడి గరుకుగా ఉంది అని ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. ఆవిడ తల ఊపారు. నిపుణుడు పై వరసలో గోరంత చోట రంగు లేపి చూశాడు. నీలం వస్తోంది, వెలిసింది గాని ఉంది అని లాస్య చెప్పింది. దానికీ తల ఊపారు.

నేను లేచి బ్యాగు తీసుకున్నాను. అప్పుడు హెస్టర్ గారు నన్ను పిలిచారు.

"మణెమ్మా, ఆ ఎరుపు పోవడానికి ఎంతసేపు పట్టింది?"

"గంటన్నర."

"గంటన్నరలో ఒక్కసారైనా ఆగాలనిపించలేదా?"

లేదని చెప్పాలి. ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటున్నదే, ఈ పుస్తకంలో దేవుని పేరు పెట్టి మరీ రాసుకున్నదే చెప్పాలి. ఆవిడ ముఖం నా గొంతు వచ్చేవైపు తిప్పుకుని ఎదురుచూస్తున్నారు.

"ఆగాను" అన్నాను. "సగం రుద్దాక ఆగాను. మీరు నా చెయ్యి పట్టుకుని చెప్పింది గుర్తొచ్చింది. ఆ తర్వాత కూడా రుద్దాను."

"ఎందుకు?"

"పైనంతా అప్పటికే తెల్లగా వేసేశాను. కింద ఎర్రగా వదిలేస్తే చూసినవాళ్ళకి నా పని బాగుండదని."

హెస్టర్ గారు సరే అన్నారు. తర్వాత లాస్య వైపు తిరిగి, ఆ నీలం ఇంకా కనిపిస్తోందా అని అడిగారు. నేను నా అంతట నేనే తలుపు తీసుకుని బయటికి వచ్చాను.